నవలను ప్రేమించవచ్చా?

సందేహం: మాస్టారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లీషు నవల కొన్నాను. క్యాన్సర్ వచ్చిన ఇద్దరు టీనేజి పిల్లల కథ. ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. దాని మీద కాలేజీ మ్యాగజైన్‌కి ఒక పేజీ రాసిస్తే, ‘నేను ఈ నవలను ఎంతగానో ప్రేమించాను’ అన్న మొదటి వాక్యాన్నే మా తెలుగు మేడం కొట్టేసి ‘నాకు ఈ నవల ఎంతో నచ్చింది’ అని దిద్దారు. నచ్చడమంటే చీర నచ్చినట్టు ఉంది. గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ అనలేదా? దేశాన్ని ప్రేమించగా లేనిది నవలను ప్రేమిస్తే తప్పా? ఇంకొకటి. ‘క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయాడు’ అని రాశాను. మేడం దాని జోలికి పోలేదు గానీ, మా అమ్మమ్మ చదివి ‘ఓడిపోవడమేంటే, పాపం!’ అంది. ఎవరు రైటు? నా పేజీ కూడా జత చేశాను.

సమాధానం: ముగ్గురిలోనూ ఎంతో కొంత రైటుంది. అమ్మమ్మగారిలో ఎక్కువ ఉంది.

ముందు ప్రేమ సంగతి. ‘నవలను ప్రేమించాను’ వ్యాకరణ దోషం కాదు. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. అయినా ఆ వాక్యం వినగానే ‘మరి పెళ్లెప్పుడు?’ అని అడగాలనిపిస్తుంది. ఎందుకంటే ఇలాంటి చోట్ల తెలుగు మనిషిని కర్తగా నిలబెట్టదు. నాకు నచ్చింది, నాకు ఇష్టం, నాకు ఏడుపొచ్చింది, నాకు కోపమొచ్చింది, నాకు ఆకలేస్తోంది. అన్నిటా ‘నాకు’. చిన్నయసూరి ఈ కి, కులను షష్ఠిలో వేశాడు. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని బడిలో మీరూ వల్లించే ఉంటారు. ఏ విభక్తిలో వేస్తేనేం, చేసే పని ఒకటే: ఇది నేను చేసింది కాదు, నాకు జరిగింది అని చెప్పడం. తమిళుడు ‘ఎనక్కు పిడిక్కుం’ అన్నా, హిందీవాడు ‘ముఝే పసంద్ హై’ అన్నా ఇదే పద్ధతి. ఆ తమిళ మాటలోని పిడి మన పిడికిలిలో ఉన్నదే. నచ్చిన వస్తువే వచ్చి మనిషిని పట్టుకుంటుందన్నమాట.

మరి గురజాడ? మంచి లాయరు ప్రశ్న వేశారు. కానీ ఆయన వాడింది విధి వాక్యం. ఫలానా పని చెయ్యమని చెప్పాలంటే చేసేవాడు కావాలి. ‘నీకు దేశం నచ్చు’ అని ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేం. ఆ గేయమంతా పనులే: మంచి పెంచు, వట్టిమాటలు కట్టిపెట్టు, గట్టి మేలు తలపెట్టు. అక్కడ ప్రేమించడం కూడా నడుం కట్టి చెయ్యాల్సిన పనే. మీరు నవలకు అలా ఏ పనీ చెయ్యలేదు, అదే మిమ్మల్ని ఏదో చేసింది. పైగా ‘ప్రేమించాను’ అని భూతకాలంలో ఆపేస్తే, ఇప్పుడు లేదు కాబోలు అని కూడా అనిపిస్తుంది.

అలాగని మేడం దిద్దుబాటూ నాకు రుచించలేదు. ‘ఎంతో నచ్చింది’ చప్పగా ఉంది, మీరన్నట్టు చీరకూ సరిపోతుంది. ‘ఆ నవలంటే నాకు ప్రాణం’ అనవచ్చు, మన వాడుకలో ఇంతకు మించిన మాట లేదు. అయితే ప్రాణాలు పోయే కథ గురించి రాస్తూ ఆ మాట వాడితే చదివేవాళ్లకు చురుక్కుమంటుంది. అది మీకు కావాలో వద్దో మీరే తేల్చుకోవాలి. ‘ఆ నవల నన్ను వదల్లేదు’ కూడా బాగుంటుంది. వదలడం జ్వరానికీ దెయ్యానికీ వాడే మాటే, నవలకు వాడినా ఒప్పుతుంది. నన్నడిగితే, ‘ఇప్పటికి నాలుగుసార్లు చదివాను’ అని నాకు రాశారే, దాన్నే మొదటి వాక్యం చేసేవాణ్ణి. దాని పక్కన ‘ఎంతగానో’ దండగ.

ఇక రెండో సందేహం. చూడండి, జబ్బుకూ తెలుగు ఇదే పద్ధతి పాటిస్తుంది. నాకు జ్వరమొచ్చింది, వాడికి జబ్బు చేసింది, పిల్లకు జలుబు పట్టింది. వచ్చేదీ, చేసేదీ, పట్టేదీ, చివరికి తగ్గేదీ జబ్బే. ‘పడు’ చేర్చి మనిషిని కర్తగా పెట్టినా ఫలితం అదే. ఇష్టపడటం, జబ్బుపడటం, మాటపడటం: అన్నీ అనుభవించడాలే. ఇంగ్లీషు నుంచి దిగిన ‘ప్రేమలో పడటం’ మన నోట అంత సులువుగా ఇమిడింది కూడా ఆ పడటం మనకు ముందే ఉండబట్టేనని నా అనుమానం.

‘తో’ దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. ‘క్యాన్సర్‌తో చనిపోయాడు’ అంటే అది కారణం. ‘క్యాన్సర్‌తోనే పరీక్షలు రాశాడు’ అంటే అది వెంట ఉన్నది. ‘క్యాన్సర్‌తో పోరాడాడు’ అంటే అది ఎదుట నిలబడ్డ శత్రువు. మూడోది పత్రికల్లో బాగా పాతుకుపోయింది, ఇంగ్లీషు వార్తల చలవ. తప్పనను. బతికి బయటపడ్డవాళ్లు తమ గురించి తాము ‘పోరాడాను’ అనుకుంటే కాదనడానికి మనమెవరం? చిక్కంతా పోయినవాళ్లతోనే. పోరాటం అన్నాక గెలుపోటములు వస్తాయి, పోయినవాడు సరిగ్గా పోరాడలేదన్న అర్థం చాటుగా దూరుతుంది. అమ్మమ్మగారి ‘పాపం’లో ఉన్నది ఆ అభ్యంతరమే.

మా వీధిలో పదిహేడేళ్ల కుర్రాడికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చినప్పుడు చూడ్డానికి వెళ్లాను. నాకంటే ముందొచ్చిన పెద్దాయన ‘ధైర్యంగా పోరాడాలి నాన్నా’ అని వాడి భుజం తట్టి వెళ్లాడు. ఆయన గడప దాటాక వాడు నావైపు తిరిగి, ‘నేనేం చేస్తున్నానండీ మాస్టారూ, చెయ్యి చాపి పడుకుంటున్నా. ఫైటింగంతా ఆ సీసాదే’ అన్నాడు. వాళ్లమ్మ నవ్వబోయి ఆగిపోయింది. వాడు మాత్రం తన జోక్‌కు తనే నవ్వుకుని మంచినీళ్లడిగాడు. అప్పటినుంచి నేను ఆ క్రియ వాడటం మానేశాను.

మీ కథలో కుర్రాడి విషయంలో ‘క్యాన్సర్‌తో చనిపోయాడు’ అని రాయండి, లేదా ‘పోయాడు’ అనండి, చాలు. ‘పరమపదించాడు’, ‘అనంతలోకాలకు ఏగాడు’ లాంటివి పదిహేడేళ్లవాడికి తాతగారి పంచె కట్టినట్టుంటాయి.

మీరు అడగలేదు గానీ మీ పేజీలో నన్ను ఆపిన మాట ఇంకోటుంది: ‘క్యాన్సర్ వ్యాధిగ్రస్తులైన యువతీయువకులు’. గ్రస్తం అంటే మింగబడినది. గ్రహణం నాడు పంచాంగంలో రాహుగ్రస్తం అని రాస్తారే, అదే. పశువుల గ్రాసంలో ఉన్నదీ ఆ ధాతువే. మీ పిల్లలు ఆఖరుదాకా నవ్వుకున్నారనీ, పోట్లాడుకున్నారనీ మీరే రాశారు, మరి వాళ్లను జబ్బు మింగేసిందని ముందే ఎలా తీర్మానిస్తాం? ‘రోగులు’ అన్నా ఇబ్బందే. సంస్కృతంలో ఎలా ఉన్నా, రోగం మన నోట్లో తిట్టయింది: ‘నీకేం మాయరోగం?’ అంటాం. నాకు రాసిన ఉత్తరంలో హాయిగా ‘క్యాన్సర్ వచ్చిన ఇద్దరు టీనేజి పిల్లలు’ అన్నారు. ‘వచ్చిన’ అంటే ముందు పిల్లలున్నారు, తర్వాత జబ్బొచ్చింది. మ్యాగజైన్‌కి కూడా అదే ఉంచండి.

క్యాన్సర్, కాన్సర్ రెండూ వాడుకలో ఉన్నాయి. మీ పేజీలో ఒకచోట అదీ ఒకచోట ఇదీ పడ్డాయి, ప్రూఫులో చూసుకోండి.