నెలనెలా మూసుకుపోయే మోరీ

ప్రశ్న: మాది దేవరకొండ. ఇల్లు కట్టి 15 సంవత్సరాలైంది. వంటగది నీళ్లు, పెరట్లో జాలారి (గిన్నెలు, బట్టలు కడిగే చోటు) నీళ్లు కలిసి ఇంటి పక్క సందులో పూడ్చిన నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు ద్వారా వీధి మోరీలో పడతాయి. మరుగుదొడ్డికి వేరే సెప్టిక్ ట్యాంకు ఉంది. రెండేళ్లుగా, అంటే వీధిలో సీసీ రోడ్డు పోసినప్పటి నుంచి, నెలకోసారి పైపు మూసుకుపోయి మురుగు వాకిట్లోకి ఎగదన్నుతోంది. వచ్చిన మేస్త్రీ ప్రతిసారీ యాసిడ్ పోస్తున్నాడు. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తోంది. ఇప్పుడు సందంతా తవ్వి పైపు మార్చాల్సిందే అంటున్నాడు. వేరే దారి లేదా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, సందు తవ్వించే ముందు నీరు ఎక్కడ ఆగుతోందో తేల్చుకోండి. మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి గాని ఆ ఒక్క ముక్క లేదు. మీ మేస్త్రీ కూడా దాన్ని వెతికినట్టు కనిపించడం లేదు.

మొదట యాసిడ్ ఆపించండి. మురుగు పైపులో పేరుకునేది నూనె జిడ్డు, సబ్బు తెట్టు, ఇసుక, బూడిద, మెతుకులు. బాత్రూములు కడిగే యాసిడ్ సున్నపు మరకలను కరిగిస్తుందే తప్ప జిడ్డును కరిగించదు, పైగా ఛాంబర్ల (పైపు దారిలో మూతలతో కట్టే తొట్ల) సిమెంటును తినేస్తుంది. కాస్టిక్ సోడా జిడ్డు మీద పనిచేసే మాట నిజమే అయినా, అంత పొడవు పైపులో నిలిచిన నీటిలో అది పలచబడిపోతుంది, చేతి మీద పడితే మాత్రం కాలుతుంది. యాసిడ్ పోసిన పైపులోనే కాస్టిక్ సోడా వేస్తే ఒక్కసారిగా వేడెక్కి ముఖం మీదికి చిమ్ముతుంది, బ్లీచింగ్ పౌడరు వేస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మరిగే నీళ్లు పోయమని చెప్పేవారూ ఉంటారు. ప్లాస్టిక్ పైపు ఆ వేడికి మెత్తబడి అతుకుల దగ్గర వంగుతుంది కనుక గోరువెచ్చని నీరు దాటవద్దు.

నల్లగొండ జిల్లా బోరు నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది గాని, మోరీకి సంబంధించినంత వరకు దోషం ఆ నీటి కాఠిన్యానిది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో సబ్బు సరిగా నురగ కట్టక తెల్లటి తెట్టుగా విరుగుతుంది. ఆ తెట్టు, వంట నూనె కలిసి పైపు అడుగున పట్టుకున్నాయంటే ఆ మీదుగా వచ్చే ప్రతి ఇసుక రేణువూ దానికే అంటుకుంటుంది. వెనుకటి ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మెతుకులు కుడితి గోలెంలో పడి బర్రె కడుపులోకి చేరేవి. ఇప్పుడు బర్రె లేదు, కుడితంతా పైపులోకే పోతోంది.

ఇక పని. ఈసారి పైపు నిండినప్పుడు ఇంట్లో నీటి వాడకం ఆపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, వీధి వైపు ఛాంబరు మొదలుకొని ఇంటి వైపుగా ఒక్కొక్క మూత తీస్తూ రండి. ఒక ఛాంబరు ఖాళీగా ఉండి, దాని పైది నిండి ఉంటే అడ్డు ఆ రెండింటి నడుమ ఉన్నట్టే. అన్నీ ఖాళీగా ఉండి జాలారి మాత్రమే నిండితే, అక్కడి జాలీ కింద ఉండే ట్రాప్‌లోనే చెత్త పేరుకుంది. పాత చెంబుతో దాన్ని తోడేస్తే సరిపోతుంది. (ఆ ట్రాప్‌లో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచే ఉండాలి. దుర్వాసనను, పురుగులను పైకి రాకుండా ఆపేది ఆ నీరే కాబట్టి దాన్ని అడ్డు అనుకుని ట్రాప్‌ను పగలగొట్టించకండి. మా వీధిలోనే ఒకరు ఆ పని చేసి, తరువాత ఏడాదంతా బొద్దింకలతో వేగారు.)

అడ్డు రెండు ఛాంబర్ల నడుమ ఉంటే వెదురు బద్దకు మించిన సాధనం లేదు. అంగుళం వెడల్పున్న పొడవాటి బద్ద తెచ్చి, అంచులు నునుపు చేసి, కొసకు గోనెపట్టా ముక్కను సుతిలి తాడుతో గట్టిగా బిగించి, ఖాళీగా ఉన్న కింది ఛాంబరు నుంచి పైకి నెట్టండి. బద్ద ఆగిన చోట, పైపు మూతి దగ్గర దాని మీద గుర్తు పెట్టి, బయటికి తీసి నేల మీద పరిస్తే అడ్డు సరిగ్గా ఎక్కడుందో తెలుస్తుంది. ఎప్పుడైనా తవ్వాల్సి వచ్చినా అక్కడ రెండు అడుగులు తవ్వితే చాలు, సందంతా కాదు. ఇనుప సలాకతో పొడిస్తే మలుపుల దగ్గర పైపు పగులుతుంది. అడ్డు ఊడగానే నిలిచిన మురుగంతా ఒక్క ఉదుటున వస్తుంది గనుక పైపు మూతికి ఎదురుగా కాక పక్కకు నిలబడండి. కిందికి పోయే పైపు మూతికి ముందే ఒక జాలీ అడ్డం పెడితే, ఊడిన చెత్త ఛాంబరులోనే ఆగుతుంది. అది దాటిపోతే ఇంకో చోట పడి మళ్లీ మూసేస్తుంది. బద్ద కొసకు వెంట్రుకల్లాంటి వేళ్లు చిక్కుకుని వస్తే పక్కనున్న ఏదో చెట్టు వేరు అతుకులోంచి దూరిందని అర్థం. ఆ ఒక్క అతుకు మాత్రం తవ్వి బాగు చేయించక తప్పదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన మాట సీసీ రోడ్డు. మన పట్టణాల్లో పాత రోడ్డును తీయకుండా దాని మీదే కాంక్రీటు పోయడం, దానికి తగ్గట్టు మోరీని ఎత్తు చేయడం మామూలైపోయింది. పై పద్ధతిలో చూసినప్పుడు ఛాంబర్లన్నీ ఒకేలా నిండి ఉన్నాయంటే, అడ్డు మీ పైపులో లేకపోవచ్చు. వీధి మోరీలో నీటి మట్టం మీ పైపు మూతి కంటే పైన ఉండి, మీ నీరు అక్కడే నిలిచి, అందులోని మడ్డి పేరుకుని ఉండవచ్చు. మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపుతో అరగంటలో ఈ సంగతి తేలుతుంది. నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు, అంటే ప్రతి 10 అడుగులకు 3 అంగుళాల వాలు ఉండాలి. ఆ వాలు మిగలకపోతే కొత్త పైపు వేసినా నెలకే మూసుకుంటుంది. అప్పుడు మీకు ఉన్నవి రెండు దారులు. వీధి మోరీలో పూడిక వల్లే మట్టం పెరిగి ఉంటే, మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి పూడిక తీయించండి, రసీదు దాచుకోండి. మోరీ అడుగే ఎత్తయి ఉంటే, మరుగుదొడ్డి నీరు ఇందులో కలవదు కాబట్టి, ఈ నీటిని పెరట్లోనే ఇంకుడు గుంతకు మళ్లించండి. మీ స్థితిలో నేనైతే రెండవ దారే చూస్తాను.

ప్రశ్న: మూడేళ్ల కిందట తవ్వించిన ఇంకుడు గుంత ఇప్పుడు నీరు పీల్చక పొంగుతోంది. ఇంకో గుంత తవ్వాలా? (ఒక పాఠకుడు, అచ్చంపేట)

జవాబు: కొత్త గుంత అక్కర్లేదు. గుంత గోడలకు, రాళ్లకు జిడ్డు, మడ్డి పట్టి నేల రంధ్రాలు మూసుకున్నాయి. ఎండాకాలంలో రాళ్లు, కంకర బయటికి తీసి కడిగి ఆరబెట్టి, గుంత గోడలను పారతో అంగుళం మేర చెక్కి, మళ్లీ పేర్చండి. అయితే గుంతకు ముందు ఒక చిన్న మడ్డి తొట్టి కట్టించి, దాని మూతికి జాలీ పెట్టకపోతే ఈ పని మళ్లీ మూడేళ్లకు చేయాల్సిందే. ఆ తొట్టిని నెలకోసారి తోడాలి. చెలక నేలల్లో నీరు బాగానే ఇంకుతుంది. మీది నల్లరేగడి అయితే వానల్లో మట్టి ఉబ్బి ఇంకడం మందగిస్తుంది కనుక, కొంత నీటిని అరటి మొక్కలకు మళ్లించండి. తాగే నీటి బోరుకు, గుంతకు నడుమ కనీసం 50 అడుగులు ఉండాలి.

ప్రశ్న: మా ఛాంబరు ఏడు అడుగుల లోతుంది. సెప్టిక్ ట్యాంకు నీరు కూడా అందులోకే వస్తుంది. ఒక మనిషిని దించి తీయించవచ్చా? (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: దించకూడదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగినప్పుడు ముక్కుకు వాసన కూడా తెలియదు, లోపలి మనిషి కేక వేసేలోపే స్పృహ తప్పుతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అలా దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. మురుగు కాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. పైనుంచి వెదురు బద్దకు అందని అడ్డుకు సెప్టిక్ ట్యాంకులు తోడే యంత్రపు బండిని పిలిపించండి. బండి వచ్చే ముందు మూత తీసి అరగంట గాలి ఆడనివ్వండి, ఆ చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల వెలిగించనివ్వకండి, పిల్లలు అటు రాకుండా ఒకరిని కాపలా ఉంచండి.