ప్రింటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ తెలియకపోతే ముందే రీసెట్ జోలికి వెళ్లకండి

ప్రింటర్ సెట్టింగ్స్ పేజీ బ్రౌజర్‌లో తెరిస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది, అలాంటిది మేం ఎప్పుడూ పెట్టలేదు, వైఫై పాస్‌వర్డ్ కొట్టినా తీసుకోవట్లేదు, ఫ్యాక్టరీ రీసెట్ చేసేయాలా అని అడిగారు. వద్దండీ, ఇప్పుడే వద్దు. పోయిన ఏడాది నేనూ అచ్చంగా ఇలాగే ఇరుక్కున్నాను. రెండు సాయంత్రాలు పోయాయి, అందులో ఎక్కువ భాగం తప్పు చోట వెతకడానికే సరిపోయింది. మీకు ఆ టైమ్ మిగిలితే చాలు.

ముందు అడుగుతున్నది ఏ పాస్‌వర్డో తేల్చుకోండి. ఒక్క ప్రింటర్ చుట్టూ నాలుగైదు ఉంటాయి. వైఫైది వేరు, ఫోన్‌ని నేరుగా ప్రింటర్‌కి కలిపే వైఫై డైరెక్ట్‌ది వేరు, కంపెనీ యాప్‌లో ఈమెయిల్‌తో తెరిచిన అకౌంట్‌ది ఇంకోటి. డ్రైవర్ వేసేటప్పుడు విండోస్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగితే అది కంప్యూటర్ లాగిన్, దానికీ ప్రింటర్‌కీ సంబంధమే లేదు. మ్యాక్, లినక్స్‌లో లోకల్‌హోస్ట్ 631 పోర్ట్ పేజీ (ప్రింటింగ్ కోసం కంప్యూటర్ తానే చూపించే సెట్టింగ్స్ పేజీ) తెరిస్తే అక్కడ అడిగేది కూడా కంప్యూటర్ యూజర్ పేరూ పాస్‌వర్డే. అడ్రస్ బార్‌లో ప్రింటర్ సొంత ఐపీ, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబర్ ఉంటేనే, ఇళ్లలో మామూలుగా 192.168తో మొదలవుతుంది, అది మనం వెతుకుతున్న పాస్‌వర్డ్. ఆ ఐపీ ప్రింటర్ స్క్రీన్‌లో నెట్‌వర్క్ మెనూలో కనిపిస్తుంది, స్క్రీన్ లేని వాటిలో నెట్‌వర్క్ రిపోర్ట్ ప్రింట్ తీస్తే అందులో ఉంటుంది. పేజీ తెరవగానే సురక్షితం కాదని బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిస్తే కంగారు పడకండి, తానెవరో బ్రౌజర్‌కి చూపించే సర్టిఫికెట్‌ని ప్రింటర్ తానే తయారు చేసుకుంటుంది కాబట్టి అలా వస్తుంది. ఐపీ సరిగ్గా ప్రింటర్‌దేనా అని మాత్రం ఒకసారి చూసుకోండి.

మీరు ఎప్పుడూ పెట్టలేదన్నారు, నిజమే అయ్యుంటుంది. పాత ప్రింటర్లలో చాలావాటికి ఆ పాస్‌వర్డ్ ఖాళీగానే ఉండేది, లేదా ఆ మోడల్ అన్నిటికీ ఒకటే ఉండేది. నెట్‌కి తగులుకునే పరికరాల్లో ఒక్కోదానికి వేరే పాస్‌వర్డ్ ఉండాలి, లేదంటే వాడే ముందు కొత్తది పెట్టించాలి అన్న చట్టం కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, ఇలాంటిదే బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు కొత్త మోడళ్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే తమ పాస్‌వర్డ్ తాము తెచ్చుకుంటున్నాయి. అంటే అది ప్రింటర్ మీదే ఎక్కడో రాసి ఉండొచ్చు. హెచ్‌పీ కొత్తవాటిలో కార్ట్రిడ్జ్ తలుపు లోపల గానీ, వెనక గానీ, అడుగున గానీ ఉన్న లేబుల్ మీద పిన్ ఉంటుంది, యూజర్ పేరు అడిగితే అడ్మిన్ అని కొట్టాలి. బ్రదర్‌లో వెనక లేబుల్ మీద పీడబ్ల్యూడీ అనే అక్షరాల పక్కన చూడండి, పాత బ్రదర్ అయితే ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో ఇనిట్‌పాస్ (initpass) ప్రయత్నించండి. ఎప్సన్, కేనన్‌లలో చాలా మోడళ్లకు సీరియల్ నంబరే పాస్‌వర్డ్. లేబుల్‌ని వంగి చదవడం కన్నా ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. సున్నా అనుకున్నది ఓ కావచ్చు, 8 అనుకున్నది బీ కావచ్చు, పెద్ద అక్షరాలను పెద్దవిగానే కొట్టాలి.

నా విషయంలో లేబుల్ మీదిది పని చేయలేదు. ఎప్పుడో సెటప్ చేసిన రోజు నేనే మార్చాను, ఆ సంగతే గుర్తులేదు. బ్రౌజర్ మాత్రం పేజీ తెరిచిన ప్రతిసారీ గడిలో వరసగా నల్ల చుక్కలు నింపి పెడుతోంది, సేవ్ అయిన పాస్‌వర్డ్ ఇదేగా అని నేను లాగిన్ నొక్కడం, తప్పు అని రావడం. ఆరేడుసార్లు నొక్కేసరికి లాగిన్ కాసేపు బ్లాక్ అయిపోయింది. జరిగింది ఏమిటంటే, అంతకు ముందే రౌటర్ మార్చాం, ప్రింటర్ ఐపీ కూడా మారిపోయింది. బ్రౌజర్ పాస్‌వర్డులు దాచుకునేది అడ్రస్‌ని బట్టి. ఇప్పుడు ప్రింటర్‌కి వచ్చిన అడ్రస్ ఒకప్పుడు మా ఇంట్లో కెమెరాది, అందుకని బ్రౌజర్ కెమెరా పాస్‌వర్డ్ తెచ్చి ప్రింటర్‌కి ఇస్తోంది! ప్రింటర్‌ది పాత ఐపీ పేరు మీద అలాగే పడి ఉంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డుల దగ్గరికి వెళ్లి 192.168 అని వెతికితే మూడు వచ్చాయి, రెండోది కొట్టగానే పేజీ తెరుచుకుంది. మీరూ ఇది తప్పకుండా చూడండి, ఇంట్లో మిగతావాళ్ల ల్యాప్‌టాప్‌లలో కూడా. ప్రయత్నించేటప్పుడు ప్రైవేట్ విండోలో చేత్తో టైప్ చేయండి, రెండు మూడుసార్లు తప్పొస్తే ఆగి కాసేపయ్యాక చూడండి.

ఇవేవీ కుదరకపోతే అప్పుడు రీసెట్. నాన్నగారి ప్రింటర్‌కి అదే దారి అయింది. అక్కడ నేను ముందు నెట్‌వర్క్ సెట్టింగ్స్ మాత్రమే రీసెట్ చేశాను, వైఫై పోయింది గానీ పాస్‌వర్డ్ అలాగే ఉంది. ఫ్యాక్టరీ డిఫాల్ట్స్ అనేది ఎంచుకున్నాకే పోయింది. దాంతోపాటు స్కాన్‌ని ఈమెయిల్‌కి పంపే సెట్టింగ్స్, అడ్రస్ బుక్ కూడా పోయాయి, కాబట్టి అలాంటివి ఉంటే ముందు కాగితం మీద రాసుకోండి. ఇంక్‌కి ఏమీ కాదు. రీసెట్ మెనూ కూడా పాస్‌వర్డ్ అడిగితే మీ మోడల్ మాన్యువల్‌లో బటన్లు నొక్కి చేసే పద్ధతి ఉందేమో చూడండి, వేరే మోడల్ వీడియో చూసి మాత్రం బటన్లు నొక్కకండి, రిపేర్ వాళ్ల కోసం ఉండే సర్వీస్ మోడ్‌లోకి వెళ్లిపోతే ఇంకో తలనొప్పి. మాన్యువల్‌లో లేకపోతే కంపెనీ సర్వీస్ వాళ్లే దిక్కు.

లోపలికి వెళ్లాక కొత్త పాస్‌వర్డ్ పెట్టి, చిన్న కాగితం మీద రాసి ప్రింటర్ అడుగున అంటించేయండి. ఇంట్లో ప్రింటర్‌కి అది తప్పేం కాదని నా అభిప్రాయం, భయమంతా నెట్‌వర్క్ వైపు నుంచి వచ్చేవాళ్ల గురించే. వీలైతే రౌటర్‌లో ప్రింటర్‌కి ఐపీ మారకుండా కట్టేయండి, నాకు జరిగినట్టు మళ్లీ జరగదు.

అప్పటికీ తెరుచుకోకపోతే మోడల్ నంబర్ రాయండి, చూసి చెబుతాను. లేబుల్ ఫోటో మాత్రం పెట్టకండి, పిన్, సీరియల్ నంబర్ అందులోనే ఉంటాయి.