రేడియో టెలిస్కోప్ చూడ్డానికి వెళ్తే మామూలు మనుషులకు ఏమైనా అర్థమవుతుందా?

సైన్సు చదవని వాళ్లు అంత దూరం పోయి రేడియో టెలిస్కోప్ (ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే పెద్ద డిష్) చూస్తే ఏం లాభం అని కొందరు అడిగారు. నా లెక్కలో మామూలు మనుషులకే ఎక్కువ అర్థమవుతుంది. మా బాపును వెంట తీసుకెళ్లాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది పరకాల. బాపు చదివింది పదో తరగతే. 1992లో డాబా మీద పన్నెండడుగుల జాలీ డిష్ బిగించి కేబుల్ మొదలుపెట్టాడు. బొమ్మ సరిగ్గా రాకపోతే వానలో కూడా పైకెక్కి, డిష్‌ను వేలెడంత జరిపి, "వచ్చిందా?" అని కిందికి కేకేసేవాడు. టీవీ ముందు కూర్చుని జవాబు చెప్పడం నా పని. ఊళ్లో అందరూ ఆయన్ని "కేబులోడు" అనేవాళ్లు. ఆ పిలుపు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి చేత్తో గురిపెట్టే మనిషికి ఇచ్చే గౌరవం అదేనా?

2019 ఫిబ్రవరిలో పుణెలో ఉన్న మా చెల్లె ఇంటికి వెళ్లాం. కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో మారాం. పుణెకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, నారాయణ్‌గావ్ దగ్గర ఖోడద్ అనే పల్లెలో జీఎంఆర్‌టీ ఉంది. జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ అన్నమాట. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం కదా, ఆ సందర్భంగా జనాన్ని లోపలికి రానిస్తారు. చుట్టుపక్కల బడుల పిల్లలు తాము చేసిన నమూనాలు పెట్టుకుని కూర్చుంటారు. ద్రాక్ష తోటలు దాటుకుంటూ పోతుంటే ఉన్నట్టుండి చేల మధ్యలో తెల్లటి గిన్నెలు కనిపించాయి.

దగ్గరికి పోయాక బాపు చాలాసేపు తలెత్తి చూస్తూనే ఉన్నాడు.

"అరే, గిది మన జాలీనే కదరా! గింత పెద్దగున్నది, గంతే."

నిజంగానే అది జాలీ. 45 మీటర్ల వెడల్పున్న గిన్నెకు రేకు వేయలేదు. సన్నటి స్టీలు తీగల వల పరిచి, తాళ్లతో లాగి బిగించారు. మా డాబా మీది డిష్‌లు నూట యాభై కలిపితే ఆ ఒక్క గిన్నె అవుతుంది. అలాంటివి 30 ఉన్నాయి. రంధ్రాల్లోంచి సిగ్నల్ జారిపోదా అని ఎవరో కాలేజీ పిల్లలు అడిగితే, గైడ్ నోరు తెరిచేలోపే బాపు జవాబు చెప్పాడు. అలపొడవు కంటే రంధ్రం బాగా చిన్నదైతే తరంగానికి అది గోడలాంటిదే, గాలి మాత్రం దూసుకుపోతుంది. అక్కడ పట్టే తరంగాల్లో పొట్టివి కూడా 20 సెంటీమీటర్ల పైమాటే, వల కన్ను రెండు సెంటీమీటర్లకు మించదు. ఈ సంగతి బాపు ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక ఎండాకాలం ఈదురుగాలికి మా పక్క ఊరి ఆపరేటర్ పెట్టిన రేకు డిష్ ఎగిరిపోయింది, మా జాలీ డిష్ నిలబడింది. గాలి మరీ ఎక్కువైతే ఇక్కడ గిన్నెల ముఖాలు నేరుగా ఆకాశానికి తిప్పి ఆపేస్తారని గైడ్ చెప్పాడు.

ఆ తర్వాత బాపు అడిగిన ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను. ముప్పైలో 14 డిష్‌లు మధ్యలో ఒక కిలోమీటరు లోపే ఉంటాయి. మిగతా 16 మూడు చేతులుగా, ఇంగ్లీషు వై అక్షరంలా, 25 కిలోమీటర్ల దాకా పరుచుకుని ఉంటాయి. అన్నీ కలిసి ఒకే పెద్ద టెలిస్కోప్‌లా పనిచేస్తాయని గైడ్ చెప్పగానే బాపు హిందీలో ఆపాడు. "ఒకదానికి సిగ్నల్ ముందు అందుతుంది, ఇంకోదానికి ఆలస్యంగా అందుతుంది. వైర్ల పొడవు కూడా ఒకటి కాదు. అన్నీ కలిపేస్తే బొమ్మ చెదిరిపోదా?"

గైడ్ మొహం వెలిగిపోయింది. బాపు జేబులోని చిన్న డైరీ అడిగి తీసుకుని బొమ్మ గీశాడు. 25 కిలోమీటర్ల తేడా అంటే సెకనులో సుమారు పన్నెండు వేలో వంతు ఆలస్యం. ఏ డిష్‌కు ఎంత ఆలస్యమో లెక్కగట్టి, ముందొచ్చినదాన్ని ఆపి వెనకొచ్చినదానితో కలుపుతారు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ లెక్క క్షణక్షణం మారుతుంది. ఈ పద్ధతికి అసలు ప్రాణమే ఆ ప్రశ్న. బీటెక్ చదివిన నాకు అది తట్టలేదు.

అక్కడ నాకు కోపం తెప్పించింది ఒక్కటే. ఫోన్లు స్విచాఫ్ చేయమని మరీ మరీ చెప్పినా కొందరు సెల్ఫీలు దిగారు. అంత దూరం నుంచి వచ్చే సిగ్నల్ ముందు చేతిలోని ఫోన్ పెద్ద అరుపు లాంటిది. మా పక్కన వెల్డింగ్ షాపు తెరిస్తే దూరదర్శన్ తెర మీద చుక్కలు పడేవి, బాపుకు ఆ బాధ తెలుసు. ఇద్దరు కుర్రాళ్ల దగ్గరికి పోయి దండం పెట్టి ఫోన్లు ఆపించాడు.

ఇంకో బాధ మన దగ్గరే. హనుమకొండలో మా బాబు చదివే ప్రైవేటు బడిలో ఈ టూర్ పెట్టమని అడిగితే "పిల్లలకు బోర్ కొడుతుంది సార్" అన్నారు. ఏటా వాటర్ పార్కే. పిల్లలకు బోర్ అని పెద్దవాళ్లే ముందే తేల్చేస్తే ఎలా? మీరు వెళ్లేట్టయితే తేదీ ముందే కనుక్కొని వెళ్లండి, ఎండకు టోపీ, నీళ్లు పెట్టుకోండి. ఇంట్లో రేడియో మెకానిక్ గానీ లైన్‌మన్ గానీ ఉంటే ముందు వాళ్లకే టికెట్ తీయండి.

2023 జనవరిలో ఒకరోజు పొద్దున్నే బాపు ఫోన్ చేశాడు. దాదాపు 880 కోట్ల సంవత్సరాల కిందట ఒక గెలాక్సీలోని హైడ్రోజన్ నుంచి బయల్దేరిన సిగ్నల్‌ను జీఎంఆర్‌టీ పట్టిందని పేపర్లో చదివాడట. "ఏ ఫీడ్‌తోటి పట్టిన్రు?" అని అడిగాడు. గిన్నె మీద పడ్డ సిగ్నల్‌ను అందుకునే భాగమే ఫీడ్. గిన్నె మీద నాలుగు వైపులా ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో ఫీడ్ ఉన్న పెట్టె తిరగడం ఆయన ఆ రోజు చూశాడు. వెతికి చెప్పాను, 1420 మెగాహెర్ట్జ్ దగ్గర బయల్దేరిన తరంగం, విశ్వం వ్యాకోచిస్తుండటంతో దారిలో సాగి సాగి 620 దగ్గరికి వచ్చిందని.

"అయితే పెట్టె తిప్పి రెండో ఫీడ్ కిందికి తెచ్చిన్రన్నట్టు" అన్నాడు.