బడిలో పిల్లలు తగ్గుతున్నారని దిగులుపడుతున్న నీకు

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. హెచ్ఎంగా చేరిన మొదటి ఏడాదే ఒకటో తరగతిలో ఏడుగురే చేరారని, అందరూ నిన్నే తప్పుపడతారేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. ముప్ఫై ఏళ్లు రైతుల ఊళ్లలోనే పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ దిగులు నాకు తెలుసు.

ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడిగే ముందు, ఎందుకు తగ్గారో తేల్చుకో. ఊళ్లో పుట్టేవాళ్లే తగ్గి ఉండొచ్చు. కుటుంబాలు వెళ్లిపోయి ఉండొచ్చు. లేదా పిల్లలు ఊళ్లోనే ఉండి వేరే బడికి పోతూ ఉండొచ్చు. మన ప్రయత్నంతో వెంటనే మారేది ఈ మూడోది ఒక్కటే. నేనొకసారి ఇది తెలుసుకోకుండా వేసవి సెలవులన్నీ ప్రచారానికే ఖర్చు పెట్టాను. గోడలకు రంగులు వేయించాం, కరపత్రాలు పంచాం. చివరికి పుట్టుకల రిజిస్టర్ తెరిచి చూస్తే, ఆ వయసు పిల్లలు ఊళ్లోనే లేరు. నాతో పాటు తిరిగిన కుర్ర టీచర్లు నీరసపడిపోయారు. వాళ్లను అలా తిప్పినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే గత ఐదేళ్ల పుట్టుకల లెక్క తెప్పించుకో. రాబోయే ఐదేళ్లలో ఒకటో తరగతికి వచ్చేవాళ్లు ఇప్పటికే పుట్టేశారు కదా, ఊహించాల్సిన పని లేదు. తర్వాత హాజరు పట్టీలు పక్కపక్కన పెట్టు. నిరుడు ఒకటిలో 30 మంది ఉండి ఈ ఏడు రెండులో 27 మంది ఉంటే, నిష్పత్తి 0.9. నాలుగైదేళ్లకు ప్రతి తరగతికీ ఇలా వేస్తే ఏ తరగతి దగ్గర పిల్లలు జారిపోతున్నారో తెలుస్తుంది. ఐదు నుంచి ఆరుకు వెళ్లేటప్పుడే పడిపోతుంటే అక్కడ ఏదో కారణం ఉంది. టీసీలు తీసుకున్న ఇళ్లకు వెళ్లి అడుగు. వాదించకు, విను.

పుట్టుకలే తగ్గాయని తేలితే నిన్ను నువ్వు నిందించుకోకు. ట్రాక్టరు, కోత మిషను వచ్చాక అంతే పొలానికి కొద్దిమంది చాలు. పంట బాగానే పండుతుంది, ఇళ్లు మాత్రం ఖాళీ అవుతాయి. పనికోసం వెళ్లేది పెళ్లీడు వాళ్లే కాబట్టి, వాళ్లకు పుట్టాల్సిన పిల్లలూ వేరే ఊళ్లోనే పుడతారు. పైగా జనాభా నిలకడగా ఉండాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. దక్షిణ కొరియాలో 2023లో అది 0.72కు పడిపోయింది. జపాన్‌లో నాగోరో అనే కొండ పల్లెలో చివరి ఇద్దరు పిల్లలూ చదువు ముగించాక, 2012లో బడి మూసేశారు. ఇప్పుడు ఆ తరగతి గదిలో బల్లల దగ్గర గుడ్డబొమ్మలు కూర్చుని ఉంటాయి. ఆ ఫొటో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

అయినా చిన్న బడి అంటే చెడ్డ బడి అనుకోకు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూడాల్సి వస్తే, తరగతికో పావుగంట చొప్పున పరుగులు పెట్టకు. వయసులు కలిపి కూర్చోబెట్టు, ఎవరి మెట్టు నుంచి వాళ్లు ముందుకు వెళ్లేలా కార్డులు తయారుచెయ్యి. మదనపల్లె దగ్గరున్న రిషీ వ్యాలీ స్కూలు వాళ్లు పల్లె బళ్లలో ఇలాగే చేశారు. కొలంబియాలో పల్లె బళ్ల కోసం 1970ల్లో మొదలైన ఎస్కువేలా నువేవా (అంటే కొత్త బడి) కూడా ఇదే పద్ధతి. కార్డులు తయారుచేయడానికి ఒక ఏడాది కష్టపడాలి. ఆ తర్వాత పిల్లలే ఒకరికొకరు నేర్పుకుంటారు.

పక్క ఊరి బడితో కలిపేస్తామన్న మాట వస్తే, వెంటనే వద్దనకు, సరేననకు. బస్సు ఎన్ని గంటలకు వస్తుంది, వానాకాలం దారి ఎలా ఉంటుంది, ఆరేళ్ల బిడ్డ రోజుకు ఎంతసేపు ప్రయాణం చేయాలి, ఇవి రాతపూర్వకంగా అడుగు. దూరం పెరిగితే ముందుగా బడి మానేది చిన్నపిల్లలూ, ఆడపిల్లలూ. బడి కలపడం గురించి పెట్టే మీటింగులో ఆ మాట గట్టిగా చెప్పు. ఆ మీటింగుకు వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో బడికి వెళ్లే పిల్లలు ఉండరు. అందుకే తల్లుల్ని నువ్వే దగ్గరుండి తీసుకెళ్లు.

పుట్టుకల లెక్కా, నిష్పత్తులూ రాసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. నేనూ కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని కూర్చుంటాను.

నీ మాస్టారు