కంప్యూటర్ బిగించుకుంటున్న మా బిడ్డకు

బిడ్డా,

నీ యానిమేషన్ పనికి కంప్యూటర్‌ను నువ్వే బిగించుకుంటున్నావని మీ బాపు నిన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమైందో చెప్పలేను. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో హన్మకొండ చౌరస్తాలోని నా షాపుకొచ్చి, స్క్రూలన్నీ సైజుల వారీగా డబ్బాల్లో వేసేదానివి. ఒక్కటి కింద పడినా వెతికి తెచ్చేదాకా అన్నానికి లేచేదానివి కాదు. అదంతా గుర్తొచ్చింది. కానీ మీ బాపు ఇంకో మాట కూడా అన్నాడు. కంప్యూటర్‌ను మేడ మీది రేకుల గదిలో పెడతావట, రాత్రంతా రెండరింగ్‌కు, అదే బొమ్మలను వీడియోగా మార్చే పనికి, వదిలేసి పక్కనే పడుకుంటావట. అప్పటి నుంచి మనసు నిలువలేదు. ఫోన్ చేస్తే "సరే పెద్దబాపూ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. చివరిదాకా చదువు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, ఇనుప భాగాన్ని ముట్టుకుని అప్పుడు పని మొదలుపెట్టు. లెక్కలన్నీ చేసే చిప్పు ప్రాసెసర్, దాని మీది కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకెయ్. ఆ రెండింటి మధ్య పూసే పేస్ట్ కందిగింజంత చాలు. కేబినెట్ డబ్బాకు పక్కన గ్లాసు తలుపు ఉంటే విప్పి బట్ట మీద పెట్టు, టైల్స్ మీద అంచు తగిలితే ఒక్కసారిగా పొడి పొడి అవుతుంది.

ఇక గాలి సంగతి. దీని మీద నేను చేసిన తప్పు ఒకటి ఉంది. మీ బాపుకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2004 డిసెంబర్. ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని పిలిచారు. పత్తి సీజన్. లారీలు తెల్లవార్లూ వస్తూనే ఉంటాయి, కాంటా లెక్కలన్నీ దాని మీదే. అప్పుడు పెంటియం 4 ప్రాసెసర్లలో ప్రెస్కాట్ అనే రకం కొత్తగా వచ్చింది, పొయ్యిలా కాగేది. కేబినెట్ తెరిస్తే లోపల గాలి వేడివేడిగా ఉంది. నాకు తోచింది ఒక్కటే, ఆ వేడిని బయటికి తోసెయ్యాలని. వెనకాల ఒకటి, పక్క రేకుకు చిల్లు కోసి ఇంకొకటి, రెండు 80 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బయటికి ఊదేటట్టు బిగించాను. షాపుకు తెచ్చి నడిపి చూస్తే వేడి బాగా తగ్గింది. ఎంత గర్వపడ్డానంటే, ఆ సాయంత్రం మీ పెద్దమ్మకు మిర్చి బజ్జీలు కట్టించుకుని వెళ్లాను.

బయటికి పోయిన గాలికి బదులు లోపలికి గాలి ఎక్కడి నుంచి వస్తుందని ఆలోచించనే లేదు బిడ్డా. కేబినెట్ ముందు భాగం మొత్తం మూసేసిన ప్లాస్టిక్. ఫ్యాన్లు రెండూ లాగుతుంటే సీడీ డ్రైవ్ సందు నుంచి, ఫ్లాపీ సందు నుంచి, వెనక సందుల నుంచి, ఎక్కడ వీలైతే అక్కడి నుంచి గాలి దూరింది. షాపులో అది వట్టి గాలి. మిల్లులో గాలి నిండా దూది నూగు. అంతకంటే చెడ్డది ఇంకొకటి. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, ఎస్ఎంపీఎస్ కూడా లోపలి గాలినే లాక్కుని వెనక నుంచి వదలాలి. నా రెండు ఫ్యాన్లూ ఆ గాలిని దానికి అందనివ్వలేదు.

మూడు వారాలు నడిచింది. ఒక రాత్రి కాలిన వాసన వస్తోందని వాచ్‌మన్ ఆఫీసు తాళం తీసి మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఆ గది గోడకు అవతలి పక్కన పత్తి కుప్ప ఉంది. పొద్దున వెళ్లి విప్పి చూశాను. ప్రాసెసర్ మీద వేడి లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య నూగు బొంతలా పరుచుకుంది, వేలితో లాగితే ముద్దగా ఊడి వచ్చింది. ఎస్ఎంపీఎస్ లోపల నల్లగా మాడిపోయింది. నా చేతులు వణికాయి. సేఠ్ నన్ను ఒక్క మాట అనలేదు, చాయ్ తెప్పించి ఇచ్చాడు. ఆ చాయ్ గొంతు దిగలేదు. ఆ వాచ్‌మన్ ఆ గంటలో కునుకు తీసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ కలలోకి వస్తుంది.

కొత్త ఎస్ఎంపీఎస్ నా డబ్బుతోనే వేశాను. పక్క చిల్లు మూసేసి, ఆ ఫ్యాన్‌ను ముందు భాగానికి మార్చి, ప్లాస్టిక్ కోసి లోపలికి ఊదేటట్టు పెట్టాను. మీ పెద్దమ్మ పాత దోమతెరను రెండు మడతలు వేసి దానికి జాలీ కుట్టింది. సీజన్ అయిపోయేదాకా ప్రతి సోమవారం వెళ్లి ఆ జాలీ దులిపి వచ్చాను.

అందుకే మొదట గాలి లోపలికి వచ్చే దారి చూడు. బయటికి పోయే దారి తర్వాత. ముందు భాగం గ్లాసుతో మెరిసే కేబినెట్ తీసుకోకు, జాలీ ముఖం ఉన్నది తీసుకో. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. వచ్చే గాలి పోయే గాలికంటే కాస్త ఎక్కువ ఉంటే, సందుల నుంచి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. ఫ్యాన్‌కు ఏ వైపు మోటార్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ కమ్మీలు ఉంటాయో, గాలి ఆ వైపుకు పోతుంది. బిగించాక సన్నని టిష్యూ కాగితం ముక్క దగ్గర పెట్టి చూడు. కొందరు అగరుబత్తి పొగ పెట్టి చూస్తారు, నువ్వు ఆ గదిలో నిప్పు వెలిగించకు. ఎస్ఎంపీఎస్ అడుగున ఉండి, కింద జాలీ ఉంటే, దాని ఫ్యాన్ కిందికి చూసేలా పెట్టి కేబినెట్‌ను పీట మీద ఎక్కించు. గోడకు జానెడు దూరం ఉండాలి. వైర్లు వెనక తలుపు సందులోకి సర్దు.

వేడెక్కుతోందని పక్క తలుపు తీసి నడపకు. బల్లులు దూరుతాయి. దూరిన బల్లిని నేను ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు.

రేకుల గది సంగతి గట్టిగానే చెబుతా, కోపం తెచ్చుకోకు. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా గది గాలికంటే చల్లగా చేయలేవు. ఇప్పుడు శివరాత్రి దాటింది, గదిలో 28 డిగ్రీలు ఉంటే ప్రాసెసర్ 65 చూపిస్తుందనుకో, నీకు అంతా బాగున్నట్టే ఉంటుంది. మే నెలలో మన వరంగల్‌లో బయటే 43, 44 ఉంటుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. అదే పనికి అదే ప్రాసెసర్ 80 దాటుతుంది. 95, 100 దగ్గరికి వస్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మరీ మితిమీరితే ఆగిపోతుంది. ఆ కాపలా ప్రాసెసర్‌కు ఉంది. నీ ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, వదులైన ప్లగ్గుకు లేదు. ఈ మాట రెండుసార్లు చదువు.

నీళ్ల కూలర్ పెట్టుకుంటే దాని గాలి నేరుగా కంప్యూటర్ మీదికి తిప్పకు, కిటికీ తెరిచి ఉంచు. తుంపర పడితే బోర్డు పాడవుతుంది. గదిలో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు, మీ బాపు "ఉంది లే" అంటే నమ్మకు. చవక ఎస్ఎంపీఎస్ కొనకు. డబ్బు తక్కువైతే రంగుల లైట్లు మానెయ్, ఇంకా తక్కువైతే నన్నడుగు, మొహమాటపడకు.

నెలకొకసారి దుమ్ము దులుపు. బ్లోవర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, గిరగిరా తిరిగితే బేరింగ్ పోతుంది.

మొదటి నెల పగలు మాత్రమే నడుపు, నువ్వు మెలకువగా ఉన్నప్పుడు. ఎంత వేడెక్కుతోందో రోజూ రాసి పెట్టు. ఆ తర్వాత రాత్రి నడపాలంటే కింద హాల్లో పెట్టుకో. మీ అమ్మ శబ్దం అంటుందేమో, నేను మాట్లాడతా. నువ్వు దాని పక్కన నిద్రపోవడం మాత్రం నాకు వద్దు.

ఆదివారం పొద్దున బ్లోవర్, టెస్టర్ తీసుకుని వస్తున్నా. నువ్వే బిగించు, నేను చెయ్యి పెట్టను, పక్కన కూర్చుని చూస్తా. మీ పెద్దమ్మ ఇప్పటికే దోమతెర ముక్క తీసి సూది దారం పట్టుకుని కూర్చుంది. ముందు భాగం ఫ్యాన్లు 120 మిల్లీమీటర్లవా, 140వా మెసేజ్ పెట్టు, కొలత చూసి కుడుతుందట.

మీ పెద్దబాపు