మడత ఎలక్ట్రిక్ సైకిల్ కొనే ముందు మోసి చూడు

బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు సైకిళ్ల వివరాలూ చూశాను. ఒకటి 15 కిలోలు, ఇంకోటి 21. రెండోదానికి బ్యాటరీ పెద్దది కాబట్టి అదే నయమేమో అని రాశావు. నాకలా అనిపించడం లేదు. నువ్వుండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మధ్యలో మెట్రో ఎక్కాలి. అంటే సైకిల్ తొక్కిన ప్రతిరోజూ దాన్ని మోయాల్సింది కూడా నువ్వే. మడత సైకిల్ కొనేవాళ్లు ఈ మోత సంగతి ఆఖర్న ఆలోచిస్తారు. నువ్వు అక్కడి నుంచే మొదలుపెట్టు.

షాపులో అడుగు పెట్టగానే ఒక రౌండ్ తొక్కి రమ్మంటారు. ఎలక్ట్రిక్ సైకిల్ మొదటిసారి ఎక్కితే ఎవరికైనా సరదాగానే ఉంటుంది, ఆ సరదాలో మిగతావేవీ కనపడవు. అందుకని ముందు మడతపెట్టించు. రోజూ తీసుకెళ్లే ఆఫీసు బ్యాగు భుజానికి తగిలించుకుని, సైకిల్ ఒక చేత్తో ఎత్తి మెట్లెక్కు. కాగితం మీద 15 కిలోలు తక్కువే. కానీ పట్టుకోవడానికి చోటెక్కడుందో, బరువు ఎటు లాగుతుందో కాగితం చెప్పదు. మోటారు వెనక చక్రం హబ్బులో ఉంటే ఎత్తినప్పుడు వెనక భాగం కిందికి వేలాడుతుంది. పెడల్ మడవకపోతే పిక్కకు తగులుతుంది. చైను మడత లోపలి వైపు ఉందా, బయటి వైపా అన్నది కూడా చూడు. బయట ఉంటే నీ బట్టలకు రోజూ గ్రీజే.

సూట్‌కేసులు తూచే చిన్న కాటా ఒకటి వెంట తీసుకెళ్లు. షాపువాళ్లు నవ్వితే నవ్వనీ. కొన్ని కంపెనీలు బ్యాటరీ తీసేసిన బరువు రాస్తాయి. బ్యాటరీయే కిలోన్నర నుంచి రెండున్నర కిలోలుంటుంది. మడ్‌గార్డులు, స్టాండు, లైట్లు కూడా లెక్కలోకి రావాలి. అన్నీ బిగించిన సైకిల్‌నే తూచు. మడత పెట్టాక తన చక్రాల మీదే దొర్లుతుందో లేదో చూడు. దొర్లితే ప్లాట్‌ఫామ్ మీద మోత తప్పుతుంది, మిగిలేవి మెట్లే. మడత విడిపోకుండా పట్టి ఉంచడానికి అయస్కాంతమో పట్టీయో ఉండాలి. లేకపోతే సగం మెట్లెక్కాక సైకిల్ తెరుచుకుంటుంది.

తర్వాత కీళ్లు. మడత సైకిల్ ప్రాణం అక్కడే ఉంది. ఫ్రేము మధ్యలో ఒకటి, హ్యాండిల్ కింద ఒకటి ఉంటాయి. సైకిల్ తెరిచి, ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. టకటకమని శబ్దం వచ్చినా, కీలు దగ్గర వేలు పెడితే కదలిక తెలిసినా, కీలును పట్టి ఉంచే లివర్ బిగించి మళ్లీ చూపించమను. బిగించినా పోకపోతే ఆ సైకిల్ వద్దు. లివర్ దానంతటది ఊడకుండా దాని మీద ఇంకో చిన్న తాళం ఉండాలి. ఇదంతా చాదస్తం అనుకోకు. 2022లో ఫీడో అనే ఎలక్ట్రిక్ సైకిళ్ల కంపెనీ తన ఎక్స్ అనే మడత మోడల్‌ను, ఫ్రేము విరుగుతోందని, అమ్మిన చోటి నుంచి వెనక్కి పిలిపించుకుంది.

ఇక నువ్వు పదే పదే అడిగిన రేంజ్, అంటే ఒకసారి చార్జ్ చేస్తే ఎంత దూరం పోతుందన్నది. బ్యాటరీ మీద రాసిన వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. చిన్న సైకిల్‌ది 36 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు, అంటే 252. నీ బరువుకి, నువ్వు కూడా తొక్కుతూ మోటారు సాయం మధ్యస్థంగా వాడితే కిలోమీటరుకి సుమారు 10 ఖర్చవుతాయనుకో. నీ ప్రయాణం పోనూ రానూ 18 కిలోమీటర్లు, కాబట్టి రోజుకి 180. కొన్నేళ్లకి బ్యాటరీ ఐదో వంతు నీరసించినా 200 మిగులుతాయి. సరిపోతుంది. తొక్కకుండా యాక్సిలరేటర్ మీదే పోతే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ప్రకటనల్లో చెప్పే 80 కిలోమీటర్లు చదునైన రోడ్డు మీద, గాలి లేనప్పుడు, సాయం అతి తక్కువలో పెట్టుకున్నప్పటి మాట. నీ అవసరానికి పెద్ద బ్యాటరీ అంటే వాడని కరెంటును రోజూ మూడంతస్తులు మోయడమే.

విమానంలో తీసుకెళ్లొచ్చు కదా అని కూడా రాశావు. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు. నువ్వు చూసిన రెండూ దాటాయి, ఆ ఆశ వదులుకో.

ఇప్పుడు తొక్కి చూడు. ఖాళీ రోడ్డు మీద వేగంగా కాదు. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరినట్టు, మనుషుల మధ్య మెల్లగా మలుపు తిరిగినట్టు తొక్కు. కొన్నిటిలో పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే మోటారుకు తెలుస్తుంది. అవి ఒక క్షణం ఆగి, ఉన్నట్టుండి లాగుతాయి. టార్క్ సెన్సర్ ఉన్నవి నీ కాలి ఒత్తిడిని బట్టి సాయం చేస్తాయి. చిన్న చక్రాల సైకిల్‌కి హ్యాండిల్ ఎలాగూ చురుగ్గా తిరుగుతుంది, దానికి ఆ కుదుపు తోడైతే ట్రాఫిక్‌లో టెన్షన్. ఖర్చు కొంచెం పెరిగినా టార్క్ సెన్సర్ వైపే నా మొగ్గు. తర్వాత మోటారు ఆపేసి ఒక కిలోమీటరు తొక్కు. దారిలో చార్జింగ్ అయిపోతే ఇంటికి రాగలవో లేదో అక్కడే తేలుతుంది.

చక్రం 16 అంగుళాలదైతే మడత చిన్నదవుతుంది, గుంతలో పడితే మాత్రం నడుం దాకా తెలుస్తుంది. మీ దారిలో రోడ్లు బాగా లేకపోతే 20 అంగుళాలే తీసుకో. టైరు పక్కన మిల్లీమీటర్లలో రాసిన రిమ్ కొలత కూడా చూడు. 20 అంగుళాల్లో 406 రకానికి ట్యూబులు తేలిగ్గా దొరుకుతాయి, 451కి వెతుక్కోవాలి. వెనక హబ్బులో మోటారుంటే పంక్చర్ వేయడానికి వైరు విప్పి, రెండు వైపులా పెద్ద నట్లు తీయాలి. ఆ పని నీ ఎదుట ఒకసారి చేసి చూపించమను.

చాలా దేశాల్లో ఇలాంటి సైకిల్‌కి పరిమితి 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్లు. ఆ వేగం లాక్ తీసేసి ఇంకా వేగంగా పోయేలా చేస్తామంటే ఒప్పుకోకు. ఆ బ్రేకులూ ఆ కీళ్లూ ఆ వేగానికి చేసినవి కావు. ఎలక్ట్రిక్ సైకిళ్ల భద్రతా ప్రమాణాలైన ఈఎన్ 15194 (యూరప్‌ది) గానీ, యూఎల్ 2849 (అమెరికాది) గానీ పరీక్ష పాసయిందా అని అడుగు. బ్యాటరీ అంటుకుంటే బయటపడాలి కాబట్టి చార్జింగ్ మాత్రం పడుకునే ముందు పెట్టకు, గుమ్మానికి అడ్డంగా అసలే పెట్టకు.

ఇంకొక్కటి. తేలికపాటి సైకిళ్లలో బ్యాటరీ సీటు కింది గొట్టంలో దాచేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ ఆ ఆకారంలో వేరే కంపెనీది పట్టదు. విడి బ్యాటరీ విడిగా అమ్ముతారా, ఎంత, ఎన్నాళ్లు దొరుకుతుందని రాతపూర్వకంగా అడుగు. వాళ్లిచ్చిన జవాబూ, బ్యాటరీ మోడల్ నంబరూ ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య