చిన్న సంఘం మీద కథ రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ఉత్తర చెన్నైలోని మీ తెలుగు క్రైస్తవ సంఘం మీద నువ్వు రాసి పంపిన కథ చదివాను. వాక్యం మీద నీకు పట్టు ఉంది కాబట్టి దాని గురించి చెప్పేదేమీ లేదు. అయితే రంగు అద్దాల కిటికీల మీద ఒక పేజీ, గంట మోత మీద మరో పేజీ, ఖాళీ బెంచీలు చూసి పడిన దిగులు మీద ఇంకో రెండు పేజీలు ఉన్నాయి, వాటిని తీసెయ్యి. ఒక్కసారి వచ్చి వెళ్ళే అతిథికి కూడా అవి కనిపిస్తాయి. నువ్వు ఆ గుడిలోనే బాప్తిస్మం పొంది, అక్కడి సండేస్కూలులోనే పెరిగినదానివి కాబట్టి, బయటివాళ్ళకు తెలియనిది నీ దగ్గర ఉంటుందని నేను ఆశపడ్డాను.

అప్పటికప్పుడు నోటికి వచ్చినట్లు ప్రార్థించే సంఘాల్లో మనిషి మనసులోది మాటల్లోనే బయటపడిపోతుంది. మీ గుడిలో మాటలు ముందే నిర్ణయమై ఉన్నాయి. వాటిలో కొన్ని 1662 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) ప్రార్థన పుస్తకం నుంచి దిగివచ్చినవే. సంఘం డబ్బు వాడుకున్నాడని అనుమానం మోస్తున్న కోశాధికారి, ఆ అనుమానాన్ని ఇంటింటికీ చేరవేసిన ఆమె పక్కపక్కనే మోకరించి అవే పాపపు ఒప్పుకోలు మాటలు పలుకుతారు. ఎవరు పుస్తకం చూడకుండా చెబుతున్నారు, ఎవరు అందరికంటే అరమాట ముందుంటున్నారు, ఎవరి గొంతు ఏ వాక్యం దగ్గర తగ్గుతోంది అని చెవి పెట్టి విను. వాళ్ళ చేత వేరే సంభాషణలు పలికించనక్కరలేదు.

ఇక తాతయ్య పాత్ర. ఆయన 1950లో నంద్యాల వైపు నుంచి మద్రాసు వచ్చాడనీ, అప్పటికే దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) సభ్యుడనీ రాశావు. ఇక్కడ చరిత్ర ఒప్పుకోదు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే వేరుగా ఉన్న దక్షిణ ఇండియా ఐక్య సంఘం వారు కలిసి 1947 సెప్టెంబరు 27న ఈ నగరంలోనే, సెయింట్ జార్జ్ కథీడ్రల్లో, ఒక్కటై సి.ఎస్.ఐ.గా ఏర్పడ్డారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు మాత్రం ఆ ఐక్యతలో చేరకుండా చాలా ఏళ్ళు విడిగానే ఉన్నారు. ఈ తప్పు నీకు కలిసొచ్చేదే సుమా. చేరనన్న సంఘంలో పుట్టినవాడు, చేరిక జరిగిన నగరానికే బతుకుతెరువు కోసం వచ్చాడంటే, ఆయన ప్రతి ఆదివారం దేనితో సర్దుకోవలసి వచ్చిందో ఊహించు.

ఉదాహరణకు ఆరాధనలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకునే ఘట్టం తీసుకో. 1950లో వెలువడిన సి.ఎస్.ఐ. కొత్త ప్రభు భోజన ఆరాధన క్రమం ఈ ఆచారాన్ని కేరళ సురియానీ క్రైస్తవుల సంప్రదాయం నుంచి తీసుకుంది. తరువాత పాశ్చాత్య సంఘాలు సైతం ఇలాంటి ఆచారాన్ని తిరిగి అలవరచుకున్నాయి. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమ చేతితో ఎదుటివారి కుడి చేతిని మూస్తారు, అలా అది వరుస వెంట సాగిపోతుంది. పాత క్రమంలో పొరుగువాణ్ణి తాకే పని లేకుండానే ఆరాధన ముగించుకున్న మనిషి చేతిలోకి ఇప్పుడు ఎవరిదో చెయ్యి వస్తుంది. మన సంఘాల్లో కులం పోలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ చెయ్యి ఎవరిదో పాఠకుడికి చెప్పే ధైర్యం నీ మొదటి ప్రతిలో లేదు.

పంటను దేవునికి కానుకగా తెచ్చే కోత పండుగను ఒక్క వాక్యంతో దాటేశావు, నాకేమో కథ అక్కడే ఉందనిపించింది. చెన్నైలో పొలం ఉన్నవాళ్ళు ఎందరు? అయినా ఆ ఆదివారం గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోడి, మిద్దె మీది కుండీలో కాసిన వంకాయలు, అంగట్లో కొన్న చక్కెర పొట్లాలు బలిపీఠం ముందు చేరతాయి, ఆరాధన ముగియగానే వాకిట్లో వేలంపాట మొదలవుతుంది. పాట పాడించే పెద్దమనిషి తెలుగులో మొదలుపెట్టి, హుషారు పెరిగేకొద్దీ తనకు తెలియకుండానే తమిళంలోకి జారి ‘ఒరు తరం, రెండు తరం’ అంటాడు. కొన్నవాడు గుమ్మడికాయను తిరిగి సంఘానికే ఇచ్చేస్తాడు, అది మళ్ళీ పాటకు వస్తుంది, చివరికి దాని ధర అంగడి ధరకు ఎన్నో రెట్లవుతుంది. పిల్లల పెళ్ళి మాటలు చెడిపోయిన రెండు కుటుంబాలు ఒకే కోడి కోసం పోటీగా పాడుతుంటే అందులో భక్తి ఎంతో, పంతం ఎంతో విడదీయడం వాళ్ళకే సాధ్యం కాదు; నువ్వూ విడదీయకు. తాను తెచ్చిన నిమ్మకాయలు ఎంతకు పోయాయో విందామని ఖాళీ సంచి మడిచి పట్టుకుని నిలబడిన వితంతువు, వాటిని అవసరానికి మించిన ధరకు పాడి ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయిన కోశాధికారి: ఈ ఇద్దరినీ ఒక చోట నిలబెడితే ఆయన మీద అనుమానం నిజమో కాదో నువ్వు తేల్చవలసిన అవసరం కూడా రాదు.

క్రైస్తవేతర పాఠకులకు అర్థం కాదేమోనని ప్రతి ఆచారానికీ వివరణ తగిలించావు. మనుషులు ఏం చేస్తున్నారో సరిగ్గా రాస్తే పాఠకుడు అందుకుంటాడు, వివరణ మొదలుపెడితే బోధకుడివైపోతావు. అయితే బళ్ళో తమిళం చదువుకున్న కుర్రవాడు తెలుగు కీర్తనను తమిళ లిపిలో రాసుకుని పాడడం వంటివి మరిన్ని చేర్చు. చెన్నై తెలుగువాళ్ళ గురించి ఒక వ్యాసం చెప్పలేనిది ఆ కాగితం చెబుతుంది.

మరో సంగతి. తాతయ్యకు పచ్చిక నేలలో కొత్త గొయ్యి తవ్వించావు. చెన్నైలోని కీల్పాక్ క్రైస్తవ సమాధుల తోటలో కొత్త చోటు దొరకడం గగనం, అందుకే అక్కడ పాత కుటుంబ సమాధినే తెరిచి అందులోనే ఉంచడం జరుగుతూ ఉంటుంది. ఆయనను నానమ్మ సమాధిలోనే ఉంచు, రాతి మీద రెండో పేరుకు చోటు చాలిందో లేదో చూసుకో.

పేర్లు మార్చినంత మాత్రాన మీవాళ్ళు తమను గుర్తుపట్టకుండా ఉండరు. వృత్తి, వీధి, పిల్లల సంఖ్య కూడా మార్చు. తాతయ్య ఏ ఏడు మద్రాసు చేరాడో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రూఢి చేసుకో. కథంతా తిరిగి రాసేదాకా ఆగకుండా, వేలంపాట భాగం పూర్తవగానే అదొక్కటే ముందు పంపు.

దీవెనలతో.